వెనక సీట్లో డాక్టరుగారు

ఆ కారు మా షెడ్డుకి తాడు కట్టించుకుని వచ్చింది. ముందు ట్రాక్టరు, వెనక కారు. రేపల్లె నుంచి తెనాలి దాకా అలాగే లాక్కొచ్చారు. తాడు కట్టిన బండిలో స్టీరింగు పట్టుకునేవాడు తప్ప మామూలుగా ఎవరూ కూర్చోరు. ఆ రోజు మాత్రం వెనక సీట్లో ఒకావిడ ఉన్నారు. అరవై దాటిన మనిషి, తెల్లచీర, ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు. అంత వెడల్పు సీటులో మధ్యన కూర్చోకుండా ఒక కిటికీకి పూర్తిగా జరిగి, పక్కన ఇంకొకరికి చోటు వదిలినట్టు కూర్చున్నారు.

మా మేస్త్రీకి అప్పటికి డెబ్బై అయిదు దాటాయి. నాకు పని నేర్పింది ఆయనే. చేతులు వణకడం మొదలయ్యాక పనిముట్టు పట్టడం మానేశాడుగాని, రోజూ పొద్దున్నే వచ్చి షెడ్డు ముందు కుర్చీలో కూర్చుని మా తప్పులు ఏరుతుండేవాడు. ట్రాక్టరు వెనక ఆ కారు మలుపు తిరగగానే ఆయన లేచి నిలబడ్డాడు. సగం తాగిన టీ గ్లాసు కుర్చీ పక్కన పెట్టాడు.

"కాళ్ళు లాగుతున్నాయిరా. ఇంటికి పోతా."

పొద్దున పది కూడా కాలేదు. ఆ కారు మా షెడ్డులో ఉన్నన్నాళ్ళూ ఆయన మళ్ళీ రాలేదు.

నేనది పట్టించుకోలేదు. ముప్పై ఎనిమిదేళ్ళు బళ్ళ కింద వెల్లకిలా పడుకుని బతికినవాణ్ణి. చప్పుడు విని ఏ చక్రం బేరింగు పోయిందో చెప్పేవాణ్ణి. మనుషుల విషయంలో నాకు అంత చెవి లేదు. ఇప్పుడు పని నేర్చుకుంటున్న మీరు కారుకి మిషను తగిలించి, తప్పేంటో తెర మీద చదువుకుంటున్నారు. మంచిదే. నేను చేసిన తప్పు మాత్రం ఏ తెర మీదా కనపడేది కాదు. రిటైరై ఇంట్లో కూర్చున్నాక కూడా ఆ ఒక్క బండి నన్ను వదల్లేదు. అందుకే రాస్తున్నాను.

ఆవిడ రేపల్లెలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. ఊరంతా టీచరుగారు అనేది, నేనూ అదే అంటాను. కారు ఆవిడ తండ్రిది. ఆయన డాక్టరు. ఎవరో జమీందారు వారసులు అమ్ముకుంటుంటే కొన్నారట. ఇంగ్లండులో తయారైన బండి. పెద్ద పెద్ద లైట్లు, లోపల నున్నటి చెక్క పని, బీటలు వారిన తోలు సీట్లు. ఆయన పోయాక నలభై ఏళ్ళు తాళం వేసిన గదిలో ఉండిపోయింది. టీచరుగారు రిటైరైనప్పుడు చేతికొచ్చిన డబ్బులో పెద్ద భాగం దాని మీద పెట్టి, ఎవరిచేతో నడిచేలా చేయించారు. నడిచిందిగాని రోజుకో రోగం. అలాంటి బండిని కొనడం ఒక ఎత్తు, పోషించడం ఇంకో ఎత్తు. ఒక్క వాషరు కావాలన్నా మద్రాసో కోయంబత్తూరో ఫోన్లు చేయాలి. అక్కడా లేకపోతే లేతు మిషను మీద చేయించుకోవాలి.

టీచరుగారు రోగాలన్నీ నోటుపుస్తకంలో రాసుకొచ్చారు. కుర్చీ వేసినా కూర్చోకుండా నిలబడి చదివారు.

"ఇంజను కాగిపోతోంది బాబూ. ఎండలో ఆగితే మళ్ళీ స్టార్టవదు. బ్రేకు తొక్కితే కాలు కిందదాకా దిగిపోతోంది. వానొస్తే తలుపుల సందుల్లోంచి నీళ్ళొస్తాయి. హారను దానంతటదే మోగుతుంది."

ఆ కింద ఇంకో లైను ఉంది. అది చదవకుండానే పుస్తకం మూసేశారు.

ఆవిడ బస్సెక్కి వెళ్ళాక, కారుతో వచ్చిన డ్రైవరు నన్ను షెడ్డు వెనక్కి తీసుకెళ్ళాడు. నలభై ఏళ్ళవాడు, అంతకుముందు ఆటో నడిపేవాడట.

"అన్నా, నేను దీనికి నాలుగో డ్రైవర్ని. ముందు ముగ్గురు ఎందుకు మానేశారో తెలుసా?"

"జీతం చాలకేమో."

"జీతం బాగానే ఇస్తారన్నా. ఎనక సీట్లో ఎవరో ఉంటారు."

"టీచరుగారేగా ఉండేది."

"ఆవిడ కాకుండా. ఊపిరి వినపడుద్ది. ఒక్కోసారి సన్నగా పాట తీస్తారు, చర్చిలో పాడే రాగంలాగ. టీచరుగారు మాట్లాడతారన్నా, నాన్నా నాన్నా అని. మాట్లాడి ఆగుతారు. అవతలవాళ్ళు చెప్పేది వింటన్నట్టు ఆగి, అప్పుడు మళ్ళీ మాట్లాడతారు."

డాక్టరుగారు పోయింది ఆ వెనక సీట్లోనేనని అతనే చెప్పాడు. బాపట్లలో కష్టమైన కాన్పు చూసి రేపల్లె తిరిగొస్తున్నారట. వాన. దారిలో ఒకచోట రోడ్డు మీద నీళ్ళు పారుతుంటే అప్పటి డ్రైవరు బండి ఆపాడు. ఇంజను ఆపితే మళ్ళీ అందుకోదని దాన్ని అలాగే వదిలి, లోతు చూడటానికి దిగాడు. కాసేపటికి తిరిగొచ్చేసరికి డాక్టరుగారు నిద్రపోతున్నారు. లేపడమెందుకని మెల్లగా నడుపుకుంటూ వచ్చాడు. ఇంటి ముందు తలుపు తీస్తే ఆయన లేవలేదు. గుండె ఆగిందన్నారు. డ్రైవరు బీడీ కాల్చుకోవడానికి దిగి, ప్రాణం పోతున్న మనిషిని వదిలేశాడని ఊరంతా అన్నది. ఆ తరవాత అతనికి ఎవరూ స్టీరింగు ఇవ్వలేదు.

నేను నవ్వాను. మా పనిలో దయ్యాలు చాలా చూశాను, అన్నీ వైర్లలోనే దొరికాయి. మొదటి దయ్యాన్ని ఆ సాయంత్రానికే పట్టాను. హారను వైరు ఒరుసుకుపోయి, తేమ తగిలినప్పుడల్లా బాడీని తాకుతోంది. కొత్త వైరు లాగాను. రేడియేటరు విప్పి లోపలంతా కడిగించాను. పెట్రోలు గొట్టం ఇంజను వేడికి ఆనుకుని ఉంటే దూరంగా మళ్ళించాను. ఎండలో ఆగితే స్టార్టవకపోవడం దానితో పోయింది. బ్రేకు రబ్బర్లు రావడానికి మూడు వారాలు పట్టింది. చివరికి తలుపుల పని. పాత రబ్బరు అంతా బిరుసెక్కి రాలిపోతోంది. కోయంబత్తూరు నుంచి మెత్తటి రబ్బరు తెప్పించి నాలుగు తలుపులకీ నా చేతులతో అతికించాను. మూస్తే తలుపు పెట్టె మూసినంత గట్టిగా పడేది, బయట రోడ్డు చప్పుడు ఠక్కున ఆగేది. ఆ శబ్దం వినాలని ఊరికే తీసి మూసేవాణ్ణి. అంత గర్వం.

కింద సైలెన్సరు కూడా చూశాను. చూశానని మీతో ధైర్యంగా చెప్పగలను, అదే నా సిగ్గు. వెనక ఇరుసు మీదుగా పొగగొట్టం వంపు తిరిగే చోట, పైకి కనపడని వైపు, వేడికి కాలని ఆస్‌బెస్టాస్ గుడ్డ చుట్టి ఇనపతీగతో కట్టి ఉంది. ఎప్పటిదో పాత కట్టు. తీగని రెండు చుట్లు ఎడమకి తిప్పి, కొస గుచ్చుకోకుండా లోపలికి మడిచారు. ఆ మడత నాకు తెలుసు. అలా మడవకపోతే పదిహేనేళ్ళప్పుడు వేళ్ళ మీద స్పానరుతో దెబ్బలు తిన్నాను. అది మా మేస్త్రీ చెయ్యి.

ఎంతో సంతోషమేసింది. నేను చేరకముందు ఎప్పుడో చేసిన పని ఇంకా చెక్కుచెదరకుండా ఉంది! వేలితో తట్టి చూశాను. బిగుతుగానే ఉంది. ఇంకెవరి కట్టయినా విప్పి చూసేవాణ్ణి.

ఆ ఆదివారం బత్తాయిలు తీసుకుని ఆయన ఇంటికి వెళ్ళాను. మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"మేస్త్రీ, ఆ రేపల్లె బండి కింద నీ కట్టు ఒకటుంది. ఎప్పుడు కట్టావు?"

దుప్పటి తల మీదకి లాక్కున్నాడు. నిద్రపోయాడనుకున్నాను.

"నాదా? గుర్తులేదురా," అన్నాడు గోడవైపు నుంచే. మళ్ళీ తనే, "తీసేశావా?" అన్నాడు.

"ఎందుకు తీస్తాను, బాగానే ఉంటే."

నేను వచ్చేటప్పుడు బత్తాయిలు తిరిగి నా చేతిలో పెట్టబోయాడు. ముసలితనం అనుకున్నాను.

ట్రయలుకి సంగం జాగర్లమూడి దాకా కాలవ వెంట నడిపాను. అద్దాలన్నీ దించి, మోచెయ్యి బయటపెట్టి, నలుగురూ చూస్తుంటే. ఇంజను చప్పుడు కూడా వినపడలేదు. మర్నాడు బండి రేపల్లె వెళ్ళిపోయింది.

నెల తిరక్కుండానే డ్రైవరు ఫోను చేశాడు.

"అన్నా, ఎక్కువైందన్నా."

"ఏంటి ఎక్కువైంది? కాగుతోందా?"

"కారు బంగారంలాగ ఉంది. ఎనకాయన సంగతి చెప్తన్నా. ఇదివరకు ఎప్పుడో ఒకసారి వినపడేది. ఇప్పుడు ఎక్కిన కాసేపటికే. దిగాక తల పగిలిపోతంది. టీచరుగారు దిగనంటన్నారన్నా. ఇంటి ముందు బండి ఆగినా దిగరు."

మర్నాడు రైలెక్కి రేపల్లె వెళ్ళాను. ఉదయం నుంచి ముసురు. టీచరుగారు నన్ను చూసి సంతోషించారు. నెలలోనే చిక్కిపోయారు, కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి.

"చాలా బాగా చేశారు బాబూ. ఇంతకుముందు సరిగ్గా వినపడేది కాదు," అన్నారు.

ఏంటి వినపడేదని నేనడగలేదు. బాపట్లలో ఆవిడకి పనుందన్నారు, నేనూ వస్తానన్నాను. ముందు కూర్చోబోతే వద్దన్నారు.

"వెనక కూర్చోండి. మీరూ విందురుగాని."

ఆవిడ ఒక కిటికీ దగ్గర, నేను ఇంకో కిటికీ దగ్గర. మధ్యలో చోటు. వాన జల్లు కొడుతోందని అద్దాలన్నీ ఎత్తేశారు. డ్రైవరు గాలి కోసం తన పక్కనున్న చిన్న మూల అద్దం ఒక్కటే తెరిచాడు. చెరుకుపల్లి దాటేదాకా నాకేమీ తేడా తెలియలేదు. పెట్రోలు వాసన కొంచెం ఉంది. పాత బండికి ఆ మాత్రం ఉంటుంది. రెండు వైపులా చేలు నీళ్ళతో నిండి ఆకాశం రంగులోనే ఉన్నాయి. కాసేపటికి రోడ్డెక్కడో చేనెక్కడో నాకు తెలియకుండా పోయింది. ఇంజను చప్పుడు దూరమైంది, పక్క వీధిలో ఎవరిదో బండి నడుస్తున్నట్టు. ఆ చప్పుడులోంచి రాగం విడివడింది. సన్నగా, ముక్కుతో తీస్తున్న రాగం. మగ గొంతు.

"అవును నాన్నా, ఆయనే," అన్నారు టీచరుగారు. "తెనాలి ఆయనే బాగుచేశారు."

రాగం ఆగింది. ఆగడమే నన్ను భయపెట్టింది. విన్నవాడు ఆగినట్టు ఆగింది. నేను మెడ తిప్పి మా ఇద్దరి మధ్యకి చూశాను. ఎవరూ లేరు. సీటు తోలు మాత్రం మనిషి కూర్చున్నట్టు లోపలికి నొక్కుకుని ఉంది. అది పాత గుంట కావచ్చు. అంతకుముందు ఉందో లేదో గుర్తు తెచ్చుకోవాలని చూశాను, ఆలోచన అందలేదు. ఆవిడ ముఖం చూశాను. వాన వెలుతురులో ఆ వయసు మనిషి బుగ్గలు కుంకుమ పులిమినట్టు ఎర్రగా ఉన్నాయి. ఎంత ఆరోగ్యంగా ఉన్నారో అనుకున్నాను.

బాపట్ల దగ్గర రైలు గేటు పడింది. డ్రైవరు బండి ఆపి, ఇంజను ఆపలేదు. ఎందుకు ఆపాలి, ఏమాత్రం వేడెక్కకుండా చేసిపెట్టాను కదా. రైలు వచ్చిందో లేదో నాకు తెలియదు. చాలా హాయిగా ఉంది. నా ఎడమ చెవి పక్కన ఎవరో నెమ్మదిగా మాట్లాడుతున్నారు, డాక్టర్లు రోగితో మాట్లాడే గొంతుతో. ఏమన్నారో ఇప్పుడు చెప్పలేను. ఇంటికి వెళ్ళక్కర్లేదన్నట్టు అర్థమైంది.

అప్పుడు హారను మోగింది. ఆగకుండా, ఒకే తీరుగా.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ వైరు నేను మార్చాను! కొత్త వైరు, నా చేత్తో లాగిన వైరు! అది మళ్ళీ ఎలా మోగుతుంది? దయ్యమూ గుర్తులేదు, డాక్టరుగారూ గుర్తులేరు. దిగి బానెట్టు ఎత్తి ఆ వైరు సంగతి తేల్చాలన్న కోపం ఒక్కటే మిగిలింది. తలుపు పిడి కోసం చెయ్యి చాచాను. చెయ్యి అక్కడిదాకా వెళ్ళినట్టు నాకు గుర్తులేదు. తరవాత నేను రోడ్డు మీద బోర్లా పడి ఉన్నాను, నోట్లో వాన నీళ్ళు. కాళ్ళు నావి కావు.

హారను మోగుతోంది డ్రైవరు తల దాని మీద వాలిపోయినందువల్ల.

వెనక ఆటోలో చేపలమ్ముకునే ఆడవాళ్ళున్నారు. వాళ్ళే దిగి పరుగెత్తుకొచ్చారు. ఒకామె డ్రైవర్ని చొక్కా పట్టి ఈడ్చింది. ఇద్దరు టీచరుగారిని చంకల కింద చేతులేసి లాగారు.

"ఓలమ్మో, పోయిందే ఈవిడ!"

"పోలేదే, చూడు, నవ్వతంది."

నేను నేల మీద నుంచే "తలుపులన్నీ తీయండి, తీయండి" అని అరిచాననుకున్నాను. అరవలేదట, పెదవులు ఆడించానట. గేటు కాపలా మనిషి గొడుగుతో వచ్చి నన్ను కూర్చోబెట్టాడు. చుట్టూ చూసి, "పెద్దాయనేడి?" అన్నాడు.

"ఏ పెద్దాయన?"

"తలుపు తీసి మిమ్మల్ని కిందకి తోసినాయన. తెల్లచొక్కా."

నాకూ అప్పటికే తల నెరిసింది. నన్నే చూసి అలా అనుకున్నాడేమో. నేనూ ఆ రోజు తెల్లచొక్కాయే వేసుకున్నాను. ఇన్నేళ్ళూ అలాగే సరిపెట్టుకున్నాను. మీరు కూడా అలాగే సరిపెట్టుకోండి.

బాపట్లలో ఆసుపత్రికి ఆ ఆటోలోనే చేర్చారు. ముగ్గురికీ ఆక్సిజను పెట్టారు. నాకు చూపు నిలబడ్డాక, చిన్న వయసు డాక్టరమ్మ ఒకావిడ మంచం పక్కకొచ్చి అడిగింది.

"కారులో పొగ వాసన వచ్చిందాండి?"

"లేదండి."

"రాదు. పొగలో ఉండే విషవాయువుకి రంగూ వాసనా ఉండవు. ఊపిరితోపాటు రక్తంలో కలుస్తుంది. తలనొప్పి, మత్తు, లేనివి వినపడటం, చివరికి నిద్ర. ముఖం ఎర్రగా మంచి రంగులో ఉంటుంది. ఇంకో అయిదు నిమిషాలుంటే మీరు నాతో మాట్లాడేవాళ్ళు కాదు. మీరేం పని చేస్తారు?"

"మెకానిక్కునండి," అన్నాను. ఆ మాట పలకడం నాకు అంత కష్టం ఎప్పుడూ కాలేదు.

కారుని మళ్ళీ తాడుకట్టి తెనాలి తెప్పించాను. జాకీల మీద ఎత్తి, ఆ కట్టు కోశాను. ఆస్‌బెస్టాస్ గుడ్డ పైపైన గట్టిగా ఉంది, లోపల పొడి. దాని కింద గొట్టానికి అరచెయ్యంత బొక్క. సరిగ్గా దాని పైన, వెనక సీటు కింద నేలరేకులో రబ్బరు బిళ్ళ ఊడిపోయిన రంధ్రం. పొగ సూటిగా లోపలికి వెళ్తోంది. ముందున్న చిన్న మూల అద్దం ఒక్కటే తెరిస్తే అది గాలిని బయటికి లాగుతుంది, ఆ లాగుడుకి వెనక నుంచి పొగ ఇంకా ఎక్కువగా వస్తుంది. ఇంతకాలం వాళ్ళని కాపాడింది తలుపుల సందులు. ఆ సందుల్ని నేను మెత్తటి రబ్బరుతో, గర్వంగా మూసేశాను.

ఎవరో వచ్చి నా వెనక నిలబడ్డారు. మేస్త్రీ. నడిచొచ్చినట్టున్నాడు, ఆయాసపడుతున్నాడు. ఆ బొక్కని చూసి కింద కూర్చుండిపోయాడు.

"ఆ రోజు కరెంటు లేదురా," అన్నాడు. "డాక్టరుగారు బండి బాగుచేయించుకుందామనే తెనాలి తెచ్చారు. బాపట్ల నుంచి కబురొచ్చింది, కాన్పు కష్టమైంది, తల్లి పోయేట్టుందని. ఇక్కణ్ణుంచే నేరుగా పోవాలన్నారు. వెల్డింగు పెట్టే వీల్లేదు. గుడ్డ చుట్టి కట్టాను. రేపు తీసుకురండి, అద్దాలు దించుకుని పోండి అని చెప్దామనుకున్నా. ఆయన కంగారులో ఎక్కి కూర్చున్నారు. బండి కదిలింది. చెప్పలేదు."

"చెప్పకపోతే..."

"పోయారని మర్నాడు తెలిసింది. అందరూ గుండె అన్నారు. నేనూ గుండె అనుకుందామని చూశా. నలభై ఏళ్ళు చూశా. నువ్వు బత్తాయిలు పట్టుకొచ్చిన రోజున తీసెయ్యమంటే సరిపోయేది. నోరు రాలేదు." గోడ పట్టుకుని లేచాడు. "ఆవిడకి చెప్పాలి. నన్ను తీసుకెళ్ళు."

ఇద్దరం రైల్లో రేపల్లె వెళ్ళాం, టీచరుగారు అప్పటికి ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేశారు. టీచరుగారి ఇంటి వరండాలో కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాడు, నాకు చెప్పినదానికంటే ఎక్కువే, తనని తాను వెనకేసుకు రాకుండా. ఆవిడ మధ్యలో ఆపలేదు. చివర్లో ఒక్కటే అడిగారు.

"మీరు కడుతున్నప్పుడు నాన్నగారు ఏమన్నా అన్నారా?"

"తొందరపెట్టలేదమ్మా. చెయ్యి కాల్చుకుంటావు, మెల్లగా కట్టు అబ్బాయ్ అన్నారు."

ఆవిడ తల ఊపారు. ఆ మాట తండ్రిదేనని గుర్తుపట్టినట్టు. తరవాత గొంతు మారింది. నలభై ఏళ్ళు బడి నడిపిన గొంతు అది.

"మా అప్పటి డ్రైవరు బతికున్నన్నాళ్ళూ ఈ వీధిలో తలెత్తుకుని నడవలేదు. నేను కూడా అతనితో మాట్లాడలేదు. అతను పోయి తొమ్మిదేళ్ళయింది. అతనికెవరు చెప్తారండి?"

టీచరుగారు వీధి చివరికి చెయ్యి చూపించారు.

"అతని భార్య ఉంది. రెండు వీధుల అవతల, చర్చి వెనక. ముందు ఆమెకి చెప్పి రండి. చెప్పి వచ్చాక ఇక్కడ కాఫీ తాగుదురుగాని."

నేనూ లేవబోయాను. "మీరు కూర్చోండి. ఆయన ఒక్కరే వెళ్ళాలి," అన్నారు.

మేస్త్రీ వెళ్ళాడు. గంటకి పైగా పట్టింది. ఆయన తిరిగొచ్చినప్పుడు చొక్కా జేబు చిరిగి వేలాడుతోంది. టీచరుగారు లోపలికి వెళ్ళి కాఫీ తెచ్చారు. ఆయన రెండు చేతులతో పట్టుకున్నా గ్లాసు ఒలికిపోతుంటే, ఆవిడ కింద చెయ్యి పెట్టి ఆయన తాగేదాకా పట్టుకున్నారు. మర్నాడు నడుచుకుంటూ టీచరుగారు కూడా ఆ ఇంటికి వెళ్ళారని ఇప్పటి డ్రైవరు తరవాత చెప్పాడు.

గొట్టం మొత్తం కొత్తది వేశాను. నేలరేకు రంధ్రం మూసి వెల్డింగు పెట్టాను. ఇంజను నడుస్తుండగా అద్దాలన్నీ ఎత్తి, నేను ఒక్కణ్ణే గంటసేపు వెనక సీట్లో కూర్చున్నాను. పని నేర్చుకుంటున్న మీరు ఇంకేమీ గుర్తుపెట్టుకోకపోయినా ఇది గుర్తుపెట్టుకోండి: ఏ బండినైనా అద్దాలు ఎత్తి పరీక్షించండి, అద్దాలు దించి కాదు. ఏ కట్టునైనా విప్పి చూడండి, అది మీకు పని నేర్పినవాడి చేతి కట్టయినా సరే.

బండి అప్పగించడానికి నేనే నడుపుకుంటూ వెళ్ళాను. టీచరుగారు బాపట్ల రోడ్డు మీద తిప్పమన్నారు. తెల్లటి ఎండ. అయినా అద్దాలు ఎత్తమన్నారు. ఎప్పటిలాగే కిటికీకి జరిగి, పక్కన చోటు వదిలి కూర్చున్నారు. నేను ముందు అద్దంలోంచి చూస్తూ నడిపాను. ఇంజను మెత్తగా నడుస్తోంది. చెరుకుపల్లి దాటాం. ఆవిడ ఒకసారి "నాన్నా" అన్నారు. మెల్లగా, పిలిచినట్టు. ఆగారు. చాలాసేపు ఆగారు. మళ్ళీ ఇంకోసారి అన్నారు.

గేటు కనపడకముందే ఆపమన్నారు. ఇంజను ఆపాను. చేల మీద గాలి తప్ప ఏమీ లేదు.

"చాలా బాగా చేశారు బాబూ," అన్నారు ఆవిడ. చేతులు ఒళ్ళో పెట్టుకుని బయటికి చూస్తున్నారు. ఆ తరవాత, పిల్లలు పెద్దవాళ్ళని ఏదైనా అడగడానికి భయపడుతూ అడిగినట్టు, అడిగారు.

"ఆ పాత గొట్టం ఉంచారా, పారేశారా?"

అది మా షెడ్డులో గోడకి ఆనించే ఉంది.

"పారేశానండి," అన్నాను.

నేను రైల్లో తెనాలి వచ్చి, ఇంటికి కూడా వెళ్ళకుండా నేరుగా షెడ్డుకి వెళ్ళి, గ్యాస్ కట్టరు వెలిగించి ఆ గొట్టాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోశాను.